ఊళ్లో ఉండి ఊరొదిలిన కెజియా

ముందు గంట వినిపించేది.

మంగళవారం పొద్దున్నే, రేవు మీద పొగమంచు ఇంకా దుప్పటి తీయకముందే, ఉప్పు గోదాముల వైపు నుంచి ఒక పగిలిన గంట మోగేది. నడుమ ఎక్కడో చిన్న చీలిక ఉండటంవల్ల, జలుబు చేసిన మనిషి పిలిచినట్టు టంగుమని మొదలై టక్కున ఆగిపోయేది. ఆ చప్పుడుకు కుక్కలు లేచేవి. వరసగా తలుపులు తెరుచుకునేవి. ఆడవాళ్లు చిరిగిన దిండు గలీబులు, మోచేతుల దగ్గర అరిగిన చొక్కాలు, పగటి వెలుగుకు చూపించకూడని లోపలి లంగాలు పట్టుకొని గడపల మీద నిలబడేవాళ్లు.

అచ్చుకొట్టులో జోతాం విక్స్ ఆ గంట వినగానే ఊపిరి వదిలేవాడు. ఆ గంట మోగితే గుడ్డపీలికలు వస్తాయి. గుడ్డపీలికలు వస్తే ఏటి ఎగువనున్న మిల్లు వాటిని నానబెట్టి, దంచి, కాగితం చేసి పంపుతుంది. కాగితం వస్తే 'వెస్కాట్ గెజిట్' పత్రిక గురువారం గురువారం బయటికి వస్తుంది. ఊరి పెద్దమనుషులు దాన్ని ముక్కుదగ్గర పెట్టుకొని యూరప్ రాజుల గురించి గంభీరంగా మాట్లాడుకుంటారు. పోయిన ఏడాది తమ భార్యల నడుములకున్న లంగాలే ఇప్పుడు ప్రష్యా యుద్ధ వార్తలయ్యాయని వాళ్లకు తట్టదు.

గంట తర్వాత బండి చక్రాల కీచులాట. అదీ దగ్గరికొచ్చాకే కెజియా టఫ్ట్స్ కనిపించేది. పొట్టి మనిషి. గాలికి ఎదురునడిచి నడిచి కాస్త ముందుకు వంగిన మనిషి. జుట్టులో ఎప్పుడూ నూలు పోగులు అంటుకొని ఉండేవి, చెట్టుకు పూత పట్టినట్టు.

వెస్కాట్ రేవుకు నాగరికత వచ్చి అప్పటికి రెండేళ్లు. బోస్టన్ నుంచి ఓడలో జోతాం, అతని చెక్క అచ్చుయంత్రం, నలభై పీపాల బెల్లపు పాకం కలిసి వచ్చాయి. ముందు పాకం దించారు. పాకం ఒలకకుండా ఒడ్డు చేరాకే నాగరికతను దించారు. దించేటప్పుడు యంత్రం కాలు ఒకటి విరిగింది. ఆ కాలును కెజియా మొగుడు బార్జిల్లాయ్ అతికించి ఇచ్చాడు. అతను పీపాలు చేసేవాడు.

పత్రిక వచ్చిన మొదటి నెలలోనే ఊరికి ఒక కొత్త జబ్బు పట్టింది. కళ్లతో చూసినదాని మీద నమ్మకం తగ్గి, అచ్చులో చూసినదాని మీద పెరిగింది. లండన్‌లో మంచు విపరీతంగా కురుస్తోందన్న వార్త మూడు నెలలు సముద్రం దాటి మే నెలలో పడితే, చర్చి పెద్ద డీకన్ ప్రౌట్ గారి భార్య ఉన్ని శాలువా కప్పుకొని ప్రార్థనకు వచ్చింది. చెమటలు కారుతున్నా తీయలేదు. ఒక ఓడ కెప్టెన్ మునిగిపోయాడని పొరపాటున పడింది. వారం తిరక్కుండా ఆయన నడుచుకుంటూ వచ్చి, తన ఆత్మశాంతి ప్రార్థనలో చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాస్టర్ గారు ఆయన్ని చూశారు. అయినా ప్రసంగం అప్పటికే రాసి ఉండటంవల్ల చివరిదాకా చదివారు. ఆయన సద్గుణాలు విని ఆయనే కంటనీరు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు.

ఇలాంటి ఊళ్లో కెజియాకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఆడపిల్లలకు బైబిలు చదివే కళ్లు చాలు, వేళ్లు సూదికి ఉన్నాయి కదా అని ఆ ఊరి బడి తీర్మానం. తెరచాపలు కుట్టేవాడి కూతురు కనుక గుడ్డ మాత్రం ఆమెకు వేళ్లతోనే అర్థమయ్యేది. కళ్లు మూసుకొని తడిమి ఇది నార, ఇది నూలు, ఇందులో ఉన్ని కలిసిందని చెప్పేది. ఉన్ని ఒక్క పీలిక కలిసినా మిల్లువాడు మూట వెనక్కి పంపేవాడు. కాబట్టి వెస్కాట్ రేవు సాహిత్యమంతా నిజానికి ఆమె వేళ్ల చివర నిలబడి ఉంది. ఈ మాట జోతాంకు తెలుసు. అతను ఎవరితోనూ అనేవాడు కాదు. అంటే రాజుల గురించి మాట్లాడే పెద్దమనుషులు నొచ్చుకుంటారు.

బార్జిల్లాయ్ సంగతి వేరు. దేవుడు అతనికి ఆరడుగుల ఎత్తు, దాని పైన ఎప్పుడూ వానకు ముందున్నట్టుండే ముఖం ఇచ్చాడు. అంతకన్నా మంచి శవవాహకుడు ఆ తీరంలో లేడు. ఎంత సంతోషంగా ఉన్నా చూసినవాళ్లు టోపీ తీసేవాళ్లు. ఊళ్లో కలిగినవాళ్లు పోతే, పెట్టె మోసినవాళ్లకు తెల్లని నార ఉత్తరీయం ఒకటి ఇవ్వడం ఆచారం. ఇరవై ఏళ్లలో బార్జిల్లాయ్ పందొమ్మిది సంపాదించాడు. దేవదారు పెట్టెలో మడతపెట్టి దాచుకున్నాడు. ఆదివారం సాయంత్రాలు ఒక్కొక్కటే తీసి భార్యకు చూపించేవాడు.

“ఇది జడ్జిగారిది. బరువు మనిషి. ఇది ఓడల దొరది. మెట్ల దగ్గర కాస్త జారాడు, నేనే ఆపాను.”

“పోయినాక కూడా నిన్ను నమ్ముకున్నారు పాపం,” అనేది కెజియా చిక్కుడు గింజలు ఏరుకుంటూ.

ఆ ఏడు వేసవిలో ఊరి పెద్దలు గ్రంథాలయ సంఘం పెట్టారు. నలభై ఒక్క పుస్తకాలు లండన్ నుంచి పెట్టెలో వచ్చాయి. సగం లాటిన్. డీకన్ లెమ్యుయెల్ ప్రౌట్ గారు వాటిని తన ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టి, తాళం చెవి మెడలో వేసుకున్నారు. చదివితే పాడవుతాయన్న భయంతో ఎవరికీ ఇచ్చేవారు కాదు. అయితే ఊరికి గ్రంథాలయం ఉందని పొరుగూళ్లకు తెలియాలి. దానికి జాబితా ఒకటి అచ్చు వేయించాలన్నారు.

“పాలలా తెల్లగా ఉండాలి, జోతాం. గెజిట్ కాగితంలా గంజిరంగు వద్దు. హార్వర్డ్ వాళ్లకు పంపుతాం,” అన్నారు.

పాలలాంటి కాగితానికి పాలలాంటి నార కావాలి. జోతాం కెజియా బండి పక్కన నాలుగు వీధులు నడిచాడు.

“కెజియమ్మా, నీకు చేతులెత్తి మొక్కుతా. తెల్లనార ఎక్కడైనా చూడవా? ఈ జాబితా బాగా వస్తే డీకన్ గారు పత్రికకు అండగా ఉంటారు. లేకపోతే నేను బోస్టన్ వెళ్లి మళ్లీ ఎవరికిందో సిరా కలుపుకోవాల్సిందే.”

“తెల్లనార ఎవరిస్తారయ్యా? ఉన్నవాళ్లు పెళ్లికి దాస్తారు, లేనివాళ్లు చావుకి దాస్తారు,” అంది. అని, బండి ఆపింది. ఏదో గుర్తొచ్చినట్టు గాలిలోకి చూసింది.

మర్నాడు ఆమె బండి అడుగున నాలుగు పాత దుప్పట్లు, వాటి కింద పందొమ్మిది ఉత్తరీయాలు ఉన్నాయి. జోతాం వాటిని గుర్తుపట్టాడు. ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. “మీ ఆయన...” అని మొదలుపెట్టి, తెల్లదనం చూసి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ మూసుకున్న నోరు అతనికి జ్ఞాపకం వచ్చేది.

జాబితా అచ్చయింది. మంచు మీద కాకులు వాలినట్టుంది ప్రతి పేజీ. జడ్జిగారి మీద వ్యాకరణ గ్రంథాలు, ఓడల దొర మీద మతబోధలు, ఇంకెవరో భాగ్యవంతుడి మీద 'తేనెటీగల పెంపకం, రెండు సంపుటాలు'. డీకన్ గారు కాగితాన్ని చెంపకు ఆనించుకొని, “ఎంత జీవం ఉందయ్యా ఇందులో!” అన్నారు. మిగిలిన కాగితం కొద్దిగా జోతాం అటక మీద దాచాడు.

అక్టోబరులో ఒక చావు వచ్చింది. ఇరవయ్యో ఉత్తరీయం మెడలో వేసుకొని ఇంటికొచ్చిన బార్జిల్లాయ్ దాన్ని దాచడానికి పెట్టె తెరిచాడు. లోపల దేవదారు వాసన తప్ప ఏమీ లేదు.

“ఏవి?” అన్నాడు.

“గ్రంథాలయంలో ఉన్నాయి. ఇప్పుడవి చదువుకున్నాయి,” అంది కెజియా.

అతను ఆ రాత్రే దుప్పటి చుట్టుకొని తమ్ముడి సత్రానికి వెళ్లిపోయాడు. వారం తర్వాత అచ్చుకొట్టుకు వచ్చాడు. ఆ రోజు మంగళవారం కావడంవల్ల కెజియా వెనకగదిలో నేల మీద కూర్చొని పీలికలు వేరుచేస్తోంది.

“రాసుకో, జోతాం. నా భార్య కెజియా నా మంచాన్నీ నా భోజనబల్లనూ విడిచి పారిపోయింది.”

జోతాం వెనకగది వైపు చూశాడు. “బార్జిల్లాయ్ గారూ, ఆవిడ పారిపోలేదు కదండీ. అదిగో, ఆ గదిలోనే ఉంది.”

“ఆమె ఎక్కడుందని నేను అడగలేదు. రాసుకో. ఆమె చేసే అప్పులతో నాకు సంబంధం లేదు.”

గుమ్మంలో తెర కదిలింది. కెజియా జుట్టు నిండా పోగులతో వచ్చి నిలబడింది.

“ఏమయ్యా, ఎక్కడికి పారిపోయానో కూడా వేయించు. మావాళ్లు అడుగుతారు.”

బార్జిల్లాయ్ ఆమె వైపు తిరగలేదు. “నీ కొట్లో ఈదురుగాలి బాగా కొడుతోంది జోతాం. తలుపు బాగుచేయించుకో.”

“మంచం మా ఇంట్లోనే ఉంది. బల్లా అక్కడే ఉంది. నిన్న దానిమీదే ఉప్పుచేప తిన్నాను. నువ్వు సత్రంలో తిన్నావు. ఇద్దర్లో పారిపోయిందెవరయ్యా?”

“ఆమెకు ఎవరూ ఆశ్రయం ఇవ్వరాదు. అది పెద్ద అక్షరాల్లో వెయ్యి,” అన్నాడు బార్జిల్లాయ్, వానకు ముందున్న ముఖంతో. టోపీ పెట్టుకొని వెళ్లిపోయాడు.

వచ్చిన ప్రకటన వేయకపోవడం పత్రికాధర్మం కాదని బోస్టన్‌లో గురువు చెప్పినట్టు జోతాం తనకు తాను చెప్పుకున్నాడు. గురువు అలా ఎప్పుడూ చెప్పలేదు. గురువు చెప్పింది ముందు డబ్బు తీసుకోమని. పైగా సత్రంలో ఆరు ప్రతులు కొంటారు. అక్కడ బిగ్గరగా చదివితేనే మిగతా ఊరు వింటుంది. అతను అక్షరాలు ఏరి పేర్చడం మొదలుపెట్టాడు. కెజియా పక్కన నిలబడి, తిరగేసి ఉన్న సీసపు అక్షరాలను కూడబలుక్కొని చదివింది.

“నా పేరు అచ్చులో చూడటం ఇదే మొదటిసారి జోతాం. పేరు బాగుంది,” అంది. “మిగతాది బాగాలేదు.”

అతను తలెత్తలేదు. సిరా పూశాడు.

గురువారం గెజిట్ వచ్చింది. తర్వాతి మంగళవారం కెజియా గంట మోగించుకుంటూ డీకన్ గారి గడప ముందు ఆగింది. తలుపు తీసిన ప్రౌటమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో కెజియా! ఎప్పుడొచ్చావే?”

“ఎక్కణ్ణించమ్మా?”

“అదే... పారిపోయావు కదా.”

“పోయిన మంగళవారం ఇదే గడపలో నిలబడ్డాను కదమ్మా. అయ్యగారి పాత రాత్రిటోపీ ఇచ్చారు.”

“అది మంగళవారం మాట. పత్రిక వచ్చింది గురువారం,” అంది ప్రౌటమ్మ, పిల్లలకు కూడిక నేర్పినంత ఓపికగా. ఆశ్రయం ఇవ్వరాదని కూడా ఉంది కనుక తలుపు వేసేసింది. చేతిలో ఉన్న చినిగిన రుమాలు మాత్రం కిటికీలోంచి విసిరింది. చదువు మీద గౌరవం ఉన్న మనిషి.

ఊరంతా అదే వరస. పిండి కొట్టువాడు ఆమె తలమీదుగా వెనకున్నవాణ్ణి చూసి, “నీకేం కావాలి?” అన్నాడు. పక్కింటావిడ గోడ మీంచి, “అక్కడ వాతావరణం ఎలా ఉంది?” అని ఆరా తీసింది. ఆదివారం ప్రార్థనకు వెళ్తే, పాతికేళ్లుగా ఆమె కూర్చునే బల్ల మీద ఇంకెవరో కూర్చొని ఉన్నారు. ఖాళీ అయిందని పెద్దలు ఇచ్చేశారు. కెజియా ప్రసంగం అయ్యేవరకు తలుపు దగ్గర నిలబడింది. ఎవరూ జరగలేదు. లేని మనిషికి చోటెందుకు?

ఆ సాయంత్రం ఆమె అచ్చుకొట్టుకు వచ్చింది. జోతాం మొక్కజొన్న రొట్టె తింటున్నాడు. ఆమెను చూసి మింగడం మానేశాడు.

“నేను ఎక్కడికీ పోలేదని వెయ్యి,” అంది. “అంతే. ఒక్క ముక్క.”

“డీకన్ గారిని అడగాలి కెజియమ్మా.”

“నేను ఊళ్లో ఉన్నానో లేదో డీకన్ గారికి తెలుసా, నాకు తెలుసా?”

అయినా జోతాం అడగడానికి వెళ్లాడు. డీకన్ గారు అద్దాల బీరువా ముందు కూర్చొని పుస్తకాల వీపులు చదువుకుంటున్నారు. అంతకు మించి ఆ పుస్తకాలతో ఆయనకు పరిచయం లేదు.

“కుదరదు,” అన్నారు. “అచ్చులో పడ్డదాన్ని అబద్ధమని అచ్చులోనే ఒప్పుకుంటే, రేపు లండన్ వార్తలను ఎవడు నమ్ముతాడు? ఇంకో మాట. డిసెంబరు చివర ఈ ఏటి గెజిట్లన్నీ దూడతోలు అట్టవేసి బీరువాలో పెడుతున్నాం. నలభై రెండో పుస్తకం. వందేళ్లకు కూడా ఉంటుంది. అందులో ఒకవారం ఒకటి, ఇంకోవారం ఇంకోటి ఉంటే మనల్ని పల్లెటూరివాళ్లనుకోరూ?”

ఈ మాట జోతాం తిరిగొచ్చి కెజియాకు చెప్పాడు. పిల్లలు లేరు ఆమెకు. పొలం లేదు. తన వెనక మిగిలేది ఆ పేరొక్కటే. అది ఇప్పుడు దూడతోలు మధ్య, పారిపోయిన పెళ్లాంగా, తాళం వెనక వందేళ్లు ఉండబోతోంది. చదవడం వచ్చిన ప్రతివాడూ నమ్ముతాడు. చూసినవాళ్లే నమ్ముతున్నారు, చూడనివాళ్లకేం?

“డిసెంబరు చివర అన్నాడా?” అంది.

“అవును.”

“సరే. పెద్దవాళ్ల మాట అబద్ధం చేయడం నాకూ ఇష్టం లేదు,” అని గంట నాలుక చేత్తో పట్టుకొని, చప్పుడు కాకుండా ఇంటికి వెళ్లింది.

ఆ మంగళవారం గంట మోగలేదు.

మొదట ఎవరికీ తెలియలేదు. అలవాటైన చప్పుడు ఆగిపోతే, అది ఆగిందని కాక, ఇంకేదో పోయిందనిపిస్తుంది. కుక్కలు ఆలస్యంగా లేచాయి. ప్రౌటమ్మ చేతిలో గలీబు పట్టుకొని తలుపు తీసి, ఎందుకు తీశానా అని నిలబడింది. జోతాం ఒక్కడికే తెలుసు ఆ నిశ్శబ్దం ఏమిటో. అటక మీద గెజిట్ కాగితం నాలుగు వారాలకు సరిపడా ఉంది.

ఊరివాళ్లు పీలికలు తామే తెచ్చి కొట్టు ముందు పారేస్తామన్నారు. పారేశారు. ఉన్ని మేజోళ్లు, గొర్రెబొచ్చు చేతితొడుగులు, ఒకరైతే పాత విగ్గు. మిల్లువాడు బండి కూడా దించకుండా వెనక్కి తోలాడు. అందులోంచి నార వేరుచేయబోయి జోతాం చేతివేళ్లు పగిలాయి తప్ప, ఏది ఏదో తెలియలేదు.

కెజియా మూడు ఆదివారాలు ప్రార్థనకు రాలేదు. ఆ ఊళ్లో ప్రార్థన మానితే జరిమానా. డీకన్ గారు స్వయంగా వెళ్లి ఆమె తలుపు కొట్టారు. వెంట జోతాంను కూడా లాక్కెళ్లారు.

“ఇంట్లో ఎవరూ లేరండీ,” అంది లోపలినుంచి కెజియా.

“ఏమిటమ్మా ఈ వేళాకోళం? మూడు వారాలుగా రావడం లేదు. జరిమానా కట్టాలి.”

“ఎవరు కట్టాలండీ? టఫ్ట్స్ భార్య అయితే ఊరొదిలి పారిపోయింది. గెజిట్‌లో వచ్చింది. తమరు చూడలేదా?”

“నువ్వు లోపల ఉన్నావని నాకు తెలుస్తూనే ఉంది!”

“చెవులతో విన్నది నమ్ముతున్నారా డీకన్ గారూ? తమరే ఇలా అయితే మామూలువాళ్ల గతేం కాను? రేపు కళ్లతో చూసింది కూడా నమ్మమంటారు.”

జోతాం నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. డీకన్ గారి విగ్గు కింద చెవులు ఎర్రబడ్డాయి. జరిమానా వేస్తే ఆమె ఊళ్లో ఉన్నట్టు. ఉన్నట్టయితే గెజిట్ అబద్ధమాడినట్టు. వేయకపోతే ఊళ్లో ప్రతివాడూ పారిపోయానని ప్రకటన ఇచ్చి ఆదివారాలు చేపలు పడతాడు. ఆయన లాటిన్‌లో ఏదో అనబోయి, రాక, ఇంటికి వెళ్లిపోయారు.

డిసెంబరు రెండో వారానికి గెజిట్ సగం కాగితానికి తగ్గింది. రాజులు ఇరుకిరుగ్గా సర్దుకున్నారు. మూడో వారానికి ఇక ఏమీ లేదు. పత్రిక లేకపోతే ఏం నమ్మాలో తెలియక ఊరు అవస్థ పడింది. చలి వేస్తోందా లేదా అని కూడా ఒకరినొకరు అడుక్కున్నారు. అప్పుడు డీకన్ గారు ఒక కాగితం రాసి, జోతాం చేతికిచ్చి, మళ్లీ ఆమె ఇంటికి తీసుకెళ్లారు. ఈసారి కెజియా కిటికీ తెరిచింది.

“విను కెజియా. నీ మేలు కోరే రాశాను. 'టఫ్ట్స్ భార్య పశ్చాత్తాపంతో తిరిగి వచ్చినది. భర్త దయతో క్షమించి స్వీకరించినాడు.' బాగుందా? నీ బల్ల నీకిస్తాం. గంట మోగించుకో.”

కెజియా కిటికీ చట్రం మీద మోచేతులు ఆనించింది. చలికి ఆమె మాటలు పొగలుగా బయటికి వచ్చాయి.

“తిరిగి రావాలంటే ముందు పోవాలి కదండీ. నేను పోలేదు.”

“ఒక్క మాటే కదమ్మా. అందరికీ మర్యాదగా ఉంటుంది.”

“మీకు మర్యాద, ఆయనకు దయ, గెజిట్‌కు నిజం. అన్నీ సర్దారు. నాకు మాత్రం పశ్చాత్తాపం ఇచ్చారు. అది తమరే ఉంచుకోండి. పెద్ద ఇల్లు కదా, చోటుంటుంది.”

కిటికీ మూసుకుంది. మూసేముందు ఆమె జోతాం వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కళ్లు మూసుకొని గుడ్డను తడిమినట్టుంది. ఇందులో ఎంత నార, ఎంత ఉన్ని అని.

ఏటి చివరి గురువారానికి రెండు రోజులుంది. జోతాం అటక ఎక్కాడు. జాబితా తర్వాత మిగిలిన తెల్లకాగితం, డీకన్ గారు రెండో ముద్రణ కోసం దాచమన్నది, గుడ్డలో చుట్టి అక్కడే ఉంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా, ఎవరో పడుకొని లేచినట్టుంది. లెక్కపెట్టుకుంటే నూట అరవై సగం తావులు. ఆ వారం గెజిట్‌కు సరిగ్గా సరిపోతాయి, చెడగొట్టకుండా వేస్తే.

ఆ కాగితం ముట్టుకుంటే గ్రంథాలయ సంఘం ఇచ్చే అచ్చుపని పోతుందని తెలుసు. మూడు సార్లు అటక దిగి, మూడు సార్లు ఎక్కాడు. ధైర్యం కొందరికి ఒక్కసారిగా వస్తుంది. జోతాంకు మెట్ల మీద విడతలవారీగా వచ్చింది. కెజియా ఇంటికి వెళ్లి, “నువ్వు చెప్పు, నేను రాస్తాను,” అన్నాడు.

ఆమె చెప్పింది. అతను ఒక్క మాట మార్చలేదు. గురువారం గెజిట్ మంచులా తెల్లగా వచ్చింది. మొదటి పేజీలో, లండన్ కంటే పైన:

'కెజియా టఫ్ట్స్ ఎక్కడికీ పోలేదు. అక్టోబరులో ఈ పత్రిక వేసింది అబద్ధం. వేసేటప్పుడు ఆమె పక్కగదిలో ఉన్నది, వేసినవాడికి తెలుసు. మంచం, భోజనబల్ల ఉన్నచోటే ఉన్నవి. పోయింది బార్జిల్లాయ్ టఫ్ట్స్. కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చును. ఈ కాగితం అతని ఉత్తరీయాలతో చేసినది.'

డీకన్ గారు ఆ మధ్యాహ్నమే సంఘం పని తీసేశారు. పత్రికను ఏం చేయాలో మాత్రం ఆయనకు పాలుపోలేదు. ఏటి గెజిట్లన్నీ అట్టవేస్తామని ఆయనే గెజిట్‌లో వేయించి ఉన్నారు. అచ్చులో ఉన్న మాట. ఆయన పళ్లు బిగబట్టి అట్ట వేయించారు. దూడతోలు పుస్తకంలో ఆ ఒక్క ఆకు మిగతా గంజిరంగు ఆకుల మధ్య పాలపన్నులా మెరుస్తూ ఉంటుంది. పుస్తకాన్ని మూసిపెట్టినా అంచున తెల్లగీతలా కనిపిస్తుంది.

ఊరు మాత్రం ఒక్కపూటలో మారిపోయింది. “నువ్వు పోలేదటగా!” అని పక్కింటావిడ గోడ మీంచి అభినందించింది. పిండి కొట్టువాడు, “చాలా రోజులైంది కనపడి,” అన్నాడు. ప్రౌటమ్మ చేతులు పట్టుకొని, “నాకు మొదటినుంచీ అనుమానమే సుమా,” అంది. బల్ల మీది మనిషి లేచి చోటిచ్చింది. ఎవరూ సిగ్గుపడలేదు. అచ్చు మారినప్పుడు తాము మారడం చదువుకున్నవాళ్ల లక్షణం అనుకున్నారు.

ఇక బార్జిల్లాయ్ ఊళ్లో లేకుండా పోయాడు. సత్రంలో తమ్ముడి భార్య అతని ముందు గిన్నె పెట్టడం మరచిపోయేది. జనవరిలో రెండు చావులు వచ్చాయి. పోయినవాణ్ణి ఎలా పిలుస్తామని పొట్టివాళ్లతో పెట్టెలు మోయించారు. పెట్టెలు వంకరగా పోయాయి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అతను వచ్చి ఇంటి తలుపు కొట్టాడు.

“నేనే,” అన్నాడు.

“గెజిట్‌లో వేయించావా?” అంది కెజియా లోపలినుంచి.

అతను టోపీ తీసి చలిలో నిలబడటం కిటికీలోంచి చూసి, వెనక తలుపు గడియ తీసింది. ఉప్పుచేప, చిక్కుడు గింజలు పెట్టింది. తింటూ అతను, “జడ్జిగారిది ఏ పేజీలో పడిందో తెలుసా?” అని అడిగాడు. ఆమెకు తెలియదు. మర్నాడు మాత్రం జోతాం కొట్టుకు వచ్చి, ఒక తెల్ల గెజిట్ కొనుక్కొని, మడతపెట్టి దేవదారు పెట్టెలో దాచుకున్నాడు. ఆదివారాలు దాన్నే తీసి చూసేవాడు. తన మీద ఉన్న వార్తను కాదు, కాగితాన్ని.

మంగళవారాలు మళ్లీ గంట మోగింది. ఇంకో పదేళ్లు మోగింది. ఈలోగా గ్రంథాలయం మూడు వందల పుస్తకాలకు పెరిగింది. తాళం చెవి డీకన్ గారి మెడ నుంచి అల్లుడి మెడకు మారింది. జోతాం ఎవరి అండా లేకుండానే పత్రిక నడిపాడు, సన్నగా, ఆకలిగా. బీరువాలో రోము చక్రవర్తుల జీవితాలు పన్నెండు ఉన్నాయి. ఆ ఊరి మనిషిది ఒక్కటీ లేదు.

పదకొండో శీతాకాలంలో ఒక మంగళవారం గంట మోగలేదు. ఈసారి జోతాం కాగితం లెక్కపెట్టలేదు. కోటు తగిలించుకొని నేరుగా ఆమె ఇంటికి నడిచాడు.

బార్జిల్లాయ్ తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. కెజియా పొయ్యి దగ్గర మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉంది. చిక్కిపోయింది. గంట ఆమె కాళ్ల దగ్గర పిల్లిలా పడుకొని ఉంది. ఆమె వేళ్లు దుప్పటి అంచును తడుముతూనే ఉన్నాయి.

“నారేనా?” అన్నాడు జోతాం, ఏమనాలో తెలియక.

“నూలు కలిసింది. మోసం చేశాడు అమ్మినవాడు.”

అతను ముక్కాలి పీట లాక్కొని కూర్చున్నాడు. జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాడు. “కెజియమ్మా, నీ జీవితం రాద్దామనుకుంటున్నాను. పుట్టినప్పటి నుంచి. గెజిట్‌లో వేస్తాను. అట్ట వేసినప్పుడు అదీ బీరువాలోకి పోతుంది, చక్రవర్తుల పక్కకు.”

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది. బార్జిల్లాయ్ నీళ్లిచ్చాడు. అతని ముఖం చూసి ఆమె, “నువ్వలా చూడకయ్యా, ఇంకా టైముంది,” అంది. తర్వాత సాయంత్రం దాకా చెప్పింది. తెరచాపల కొట్టు, తండ్రి సూది, మొదటి బండి, పిండి కొట్టువాడి చూపు. చీకటి పడుతుండగా జోతాం లేచాడు. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచింది. ఆగాడు.

“రాయి జోతాం, అంతా రాయి. కానీ నేను చచ్చిపోయానని మాత్రం చచ్చాకే వెయ్యి. గురువారం పొరపాటున ముందే వేశావో, ఈ ఊరివాళ్లు శుక్రవారం పొద్దున్నే వచ్చి నన్ను పాతిపెట్టేస్తారు.”